నెక్ సైజింగా, ఫుల్ లెంతా, బుషింగ్ డైనా? హ్యాండ్‌లోడింగ్‌లో కేసు సైజింగ్ ఎలా ఎంచుకోవాలి

తూటాలో పౌడర్‌ని, బుల్లెట్‌ని పట్టి ఉంచే ఇత్తడి గొట్టమే కేసు. పేలాక దాన్ని మళ్లీ వాడేముందు డై అనే ఉక్కు అచ్చులో నొక్కి కొలతకి తేవడమే సైజింగ్. బుల్లెట్‌ని పట్టుకునే సన్నటి మెడ నెక్, దాని కింద ఏటవాలుగా ఉండే భాగం షోల్డర్. ముందే చెప్పేస్తాను. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి తూటాలు సొంతంగా లోడ్ చేసుకునేవాళ్లలో చాలామందికి సరిపోయేది ఫుల్ లెంత్ సైజింగే. అదీ షోల్డర్‌ని ఒకటి రెండు థౌ మాత్రమే వెనక్కి నెట్టేలా డై సెట్ చేసుకుంటేనే. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, ఈ పనిలో కొలతలన్నీ ఆ లెక్కలోనే నడుస్తాయి. నెక్ సైజింగ్ గురించి ఒకప్పుడు చాలా గొప్పగా చెప్పేవాళ్లు, ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు, కానీ దానికి ఈ రోజుల్లో మిగిలిన చోటు చాలా చిన్నది. ఎందుకంటున్నానో, ఎవరికి ఏది నప్పుతుందో, డబ్బు ఎక్కడ పెడితే దండగో ఒక్కొక్కటిగా చూద్దాం.

డై ఏదైనా, సైజింగ్ అసలు ఏం మారుస్తుందో తెలియకపోతే ఎంపిక కుదరదు. తూటా పేలినప్పుడు కేసు లోపల ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. .308 విన్చెస్టర్‌కి శామీ (అమెరికాలో తుపాకులు, తూటాల ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన గరిష్ఠ పరిమితి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఆ ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి చాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే గూడు) గోడలకి అతుక్కుంటుంది, ఒత్తిడి తగ్గగానే కాస్త వెనక్కి వస్తుంది. ఆ "కాస్త" అన్ని కేసుల్లో ఒకేలా ఉండదు. మెత్తగా ఉన్న ఇత్తడి తక్కువగా, గట్టిపడిన ఇత్తడి ఎక్కువగా వెనక్కి వస్తుంది. డైలో నొక్కినప్పుడు కూడా ఇదే తంతు, మీరు ఎంత నొక్కినా అది తన పట్టుదల కొంత చూపించే బయటికి వస్తుంది. అందుకే ఒకే డైలోంచి, ఒకే సెట్టింగ్‌లో వచ్చిన కేసులు కూడా తలా ఒక కొలతలో ఉంటాయి. మనం తగ్గించాల్సింది ఈ తేడానే.

ఈ తేడా గురి మీద మూడు దారుల్లో పనిచేస్తుంది. నెక్ బుల్లెట్‌ని ఎంత గట్టిగా పట్టుకుందనేది మొదటిది. పట్టు మారితే పౌడర్ మండడం మొదలయ్యే తీరు మారుతుంది, దాంతో వేగం మారుతుంది. రెండోది షోల్డర్ ఎక్కడుందనేది, అంటే చాంబర్‌లో కేసు ఎంత వదులుగా కూర్చుంది, ఫైరింగ్ పిన్ దెబ్బకి ఎంత ముందుకి జరిగింది అన్నది. మూడోది నెక్ కేసు శరీరంతో ఒకే వరసలో ఉందా లేదా అన్నది. కేసు లోపలి ఖాళీ జాగా కూడా లెక్కలోకి వస్తుంది గానీ, ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) ఇత్తడి వాడితే దాని ప్రభావం ఈ మూడింటి తర్వాతే.

ఇక్కడ ఒక నిజం మింగాలి. వంద గజాల దగ్గర ఇవేవీ పెద్దగా కనబడవు. 6.5 క్రీడ్‌మోర్‌లో 140 గ్రెయిన్ల (గ్రెయిన్ ఒక చిన్న బరువు కొలత) బుల్లెట్ సెకనుకి 2,700 అడుగుల వేగంతో వెళ్తుందనుకుందాం. వేగంలో 10 అడుగుల తేడా వస్తే వంద గజాల్లో అది అంగుళంలో వందో వంతుల లెక్క, కంటికి కూడా ఆనదు. అదే తేడా వెయ్యి గజాల దగ్గర నిలువునా సుమారు మూడు అంగుళాలు అవుతుంది. కాబట్టి మీరు రెండొందల గజాల లోపు వేటకే రైఫిల్ వాడితే, సైజింగ్‌లో మీకు కావలసింది ప్రతి తూటా ఇబ్బంది లేకుండా చాంబర్‌లోకి వెళ్లడం, కేసు తెగకుండా కొన్నిసార్లు రావడం. అంతకుమించి పెట్టే ఖర్చు సరదా కోసమే. సరదా తప్పేం కాదు, కాకపోతే దాన్ని గురి ఖాతాలో రాయకండి.

నెక్ సైజింగ్

ఇందులో కేసు శరీరాన్నీ షోల్డర్‌నీ ముట్టుకోరు, నెక్‌ని మాత్రమే నొక్కుతారు. పేలిన కేసు మీ చాంబర్ ఆకారానికి అచ్చు గుద్దినట్టు ఉంటుంది కాబట్టి దాన్ని అలాగే వదిలేస్తే చాంబర్‌లో ఖచ్చితంగా నడిమధ్యన కూర్చుంటుందని వాదన. వినడానికి బాగుంది. మొదటి రెండు మూడు ఫైరింగులకి పనిచేస్తుంది కూడా.

తర్వాత మొదలవుతుంది తంటా. ప్రతిసారీ కేసు ఇంకొంచెం ఉబ్బుతుంది, కొన్ని ఫైరింగులకి బోల్ట్ మూయడానికి బలం పెట్టాల్సి వస్తుంది. అయితే అన్ని కేసులూ ఒకేసారి ఆ స్థితికి రావు. ఒకటి తేలిగ్గా మూసుకుంటుంది, పక్కది గట్టిగా. బోల్ట్ మీద బలం పెట్టినప్పుడు రైఫిల్ ఆనించిన బ్యాగుల మీద కదులుతుంది, లగ్గుల (బోల్ట్‌ని తాళంలా పట్టి ఉంచే పళ్ల) మీద ఒత్తిడి ఒక్కో షాట్‌కి ఒక్కోలా ఉంటుంది. అంటే ఏ నిలకడ కోసం నెక్ సైజింగ్ ఎంచుకున్నారో అదే పోయింది. అప్పుడు ఎలాగూ ఫుల్ లెంత్ డైలో పెట్టి షోల్డర్ వెనక్కి నెట్టాలి, ఆ దెబ్బతో కేసుల కొలతలు మళ్లీ మొదటికి వస్తాయి. బెంచ్‌రెస్ట్‌లో (బల్ల మీద ఆనించి కొట్టే గురి పోటీల్లో) 6 పీపీసీ తూటా వాడేవాళ్లు ప్రతి ఫైరింగ్ తర్వాతా ఫుల్ లెంత్ సైజ్ చేస్తున్నారంటే కారణం ఇదే. అంగుళంలో పదో వంతు గ్రూపుల కోసం పోటీ పడేవాళ్లే ఆ దారిలో ఉంటే మిగతావాళ్లకి చెప్పేదేముంది.

పాత రైఫిల్, వదులు చాంబర్, తక్కువ ఒత్తిడి లోడ్లు, ఇత్తడి దొరకడం కష్టమైన క్యాలిబర్ అయితే నెక్ సైజింగ్‌కి ఇంకా అర్థం ఉంది. సెమీ ఆటోమేటిక్, లివర్, పంప్ యాక్షన్లకి మాత్రం దీన్ని దగ్గరికి కూడా రానివ్వకండి.

మామూలు ఫుల్ లెంత్ డై, లోపల ఎక్స్‌పాండర్ బాల్

అందరి దగ్గరా ఉండేది ఇదే. ఆర్‌సీబీఎస్, హార్నడీ, లీ, రెడ్డింగ్, ఎవరి డై సెట్ కొన్నా ఇదే వస్తుంది. కేసుని మొత్తంగా నొక్కుతుంది, ర్యామ్ (కేసుని డైలోకి ఎత్తే ప్రెస్ కడ్డీ) కిందికి దిగేటప్పుడు డై లోపలి బాల్ నెక్‌ని లోపలినుంచి తెరుస్తుంది.

దీని లోపం డై గొట్టంలో కన్నా ఆ బాల్‌లో ఉంది. తయారీదారు ఎంత సన్నటి ఇత్తడైనా పట్టు ఇచ్చేలా నెక్ భాగాన్ని కావలసినదానికంటే ఇరుకుగా చేస్తాడు. .308లో నెక్‌ని పన్నెండు పదమూడు థౌ దాకా నొక్కేసి, తిరిగి బాల్‌తో నాలుగైదు థౌ తెరవడం మామూలే. తీగని అటూ ఇటూ వంచితే గట్టిపడి చివరికి తెగినట్టే నెక్ కూడా ఈ నలుగుడికి గట్టిపడి, తర్వాత పగుళ్లు ఇస్తుంది. పైగా బాల్ నెక్‌ని పైకి లాగుతూ బయటికి వస్తుంది. లోపల లూబ్ (జారడానికి పూసేది) లేకపోతే కీచుమంటూ వస్తుంది, అప్పుడు షోల్డర్ కూడా దానితోపాటు ముందుకి సాగుతుంది, నెక్ ఒక పక్కకి ఒరుగుతుంది. సైజ్ చేసిన కేసుల షోల్డర్ కొలత కారణం లేకుండా ఊగుతుంటే ముందు అనుమానించాల్సింది ఈ బాల్‌నే.

అలాగని డైని పారేయక్కర్లేదు. నెక్ లోపల కాస్త డ్రై లూబ్ పెడితే సగం గొడవ పోతుంది. డీక్యాపింగ్ రాడ్‌ని (బాల్ బిగించి ఉండే కడ్డీని) కొంచెం వదులుగా ఉంచి, కేసు డైలో ఉండగానే బాల్‌ని నెక్‌లోకి లాగి అప్పుడు బిగిస్తే అది నడిమధ్యకి వస్తుంది. ఫోర్స్టర్ డైలలో బాల్ కొంచెం ఎత్తులో ఉంటుంది, అందువల్ల కేసు శరీరం ఇంకా డై పట్టులో ఉండగానే బాల్ నెక్‌లోకి వస్తుంది, ఒరుగుడు తగ్గుతుంది. వేట రైఫిల్‌కి, అప్పుడప్పుడూ టార్గెట్ కొట్టేవాళ్లకి ఇది చాలు. నిజంగా చాలు.

బాల్ తీసేసి, విడిగా మ్యాండ్రెల్

నాకు అన్నిటికంటే నచ్చే దారి ఇది. అదే ఫుల్ లెంత్ డైలోంచి బాల్ తీసేసి సైజ్ చేస్తారు, తర్వాత వేరే డైలో పెట్టిన నున్నటి గుండ్రటి కడ్డీని, అంటే మ్యాండ్రెల్‌ని నెక్‌లోకి దింపుతారు. బాల్ లాగుతూ పనిచేస్తే మ్యాండ్రెల్ నెడుతూ పనిచేస్తుంది, కేసు కింద షెల్ హోల్డర్ (కేసు అడుగుని పట్టుకునే ముక్క) మీద నిలబడి ఉంటుంది కాబట్టి నెక్ ఒరగదు, షోల్డర్ సాగదు. బుల్లెట్ వ్యాసం కంటే రెండు థౌ తక్కువ ఉన్న మ్యాండ్రెల్‌తో మొదలుపెట్టండి. ఇత్తడి అరథౌ, కొన్నిసార్లు ఇంకొంచెం ఎక్కువ వెనక్కి వస్తుంది, అది కూడా కలిపితే తేలేదే అసలు పట్టు. 21స్ట్ సెంచరీ లాంటివాళ్లు అరథౌ తేడాలతో కూడా మ్యాండ్రెల్స్ అమ్ముతారు గానీ మొదట్లోనే సెట్ మొత్తం కొనే పని లేదు.

ఇంకో లాభం. నెక్ గోడ మందం చుట్టూ ఒకేలా ఉండదు. బయటినుంచి నొక్కితే ఆ ఎగుడుదిగుడు లోపలికి, అంటే బుల్లెట్ వైపుకి పోతుంది. లోపలినుంచి తెరిస్తే బయటికి పోతుంది. బుల్లెట్‌ని పట్టుకునేది లోపలి గోడ కాబట్టి చివరి పని లోపలినుంచే జరగడం మంచిదన్నది నా అభిప్రాయం.

బుషింగ్ డై

రెడ్డింగ్ టైప్ ఎస్ లాంటివి. డైలో నెక్ భాగం బదులు మార్చుకునే రింగ్ ఉంటుంది, థౌ చొప్పున సైజులు దొరుకుతాయి. లోడ్ చేసిన తూటా నెక్ బయటి కొలత 0.336 అంగుళాలు ఉంటే 0.334 బుషింగ్ వేస్తే రెండు థౌ పట్టు వస్తుంది. నెక్ అనవసరంగా నలగదు, ఇత్తడి ఎక్కువ ఫైరింగులు వస్తుంది, పట్టు ఎంత కావాలో మన చేతిలో ఉంటుంది.

వినడానికి అన్నీ లాభాలే. కానీ బుషింగ్ నెక్ మొత్తాన్ని నొక్కదు, షోల్డర్ దగ్గర కొంచెం భాగం వదిలేస్తుంది. నెక్ మందం సమంగా లేని ఇత్తడిలో ఆ తేడా అంతా లోపలికి దిగుతుంది. చాంబర్ నెక్ వదులుగా ఉండి ఒకేసారి ఐదారు థౌ కంటే ఎక్కువ నొక్కాల్సి వస్తే నెక్ వంకర పోవచ్చు, అప్పుడు రెండు బుషింగ్‌లతో రెండు విడతలుగా చేయాలి. ఇంకా, ఇత్తడి బ్రాండ్ మారిస్తే నెక్ మందం మారుతుంది, అంటే బుషింగ్ కూడా మార్చాలి. నెక్ టర్నింగ్ (నెక్ గోడని చెక్కి మందం సమం చేయడం) చేసేవాళ్లకీ, మంచి ఇత్తడి ఒకే లాట్ వాడేవాళ్లకీ ఇది బంగారం. రేంజ్‌లో ఏరుకున్న రకరకాల బ్రాస్‌కి ఈ డై వాడటం మాత్రం అర్థం లేని పని.

బుషింగ్ వాడి, పైన మళ్లీ మ్యాండ్రెల్ కూడా వేసేవాళ్లున్నారు: బుషింగ్ ఒక థౌ చిన్నది వేసి, చివరి కొలత మ్యాండ్రెల్‌కి వదిలేస్తారు. దూరాల పోటీలకి వెళ్లేవాళ్లకి ఇదే నా సలహా కూడా.

కాలెట్ డై, బాడీ డై జోడీ

దీన్ని ఎందుకో జనం తక్కువగా చూస్తారు. లీ కాలెట్ నెక్ డై నెక్‌ని లోపలున్న మ్యాండ్రెల్ మీదకి నాలుగు వైపులనుంచీ నొక్కుతుంది. నెక్‌కి లూబ్ అక్కర్లేదు, సాగదీత లేదు, నెక్ తిన్నగా వస్తుంది. శరీరం, షోల్డర్ కోసం రెడ్డింగ్ బాడీ డై జోడిస్తే ఫుల్ లెంత్ సైజింగ్ ఫలితమే, నెక్ నలుగుడు చాలా తక్కువ. ఒకే ఒక్క తిరకాసు, కాలెట్‌కి లివర్ మీద పెట్టే బలం ప్రతిసారీ ఒకేలా ఉండాలి. కొంతమంది చేతికి అది రెండు రోజుల్లో వస్తుంది, కొంతమందికి ఎప్పటికీ రాదు.

డై కంటే ముందు ఇది

ఎంత ఖరీదైన డై కొన్నా షోల్డర్ కొలవకుండా సెట్ చేస్తే వృథా. పెట్టెలో వచ్చే కాగితంలో "డై షెల్ హోల్డర్‌కి తగిలేదాకా తిప్పి, ఇంకో పావు చుట్టు తిప్పండి" అని ఉంటుంది. అలా చేస్తే ఏ చాంబర్‌కైనా సరిపోయే కేసు వస్తుంది, అంటే మీ చాంబర్‌కి షోల్డర్ ఎనిమిది పది థౌ వెనక్కి పోయి ఉండొచ్చు. ప్రతి ఫైరింగ్‌కీ కేసు అంత సాగి, కొన్నిసార్లకే అడుగున ఉన్న మందపాటి భాగానికి కాస్త పైన సన్నబడుతుంది. అక్కడ మెరిసే గీత కనిపిస్తే, లేదా వంచిన పేపర్ క్లిప్ లోపల గీస్తే గాడి తగిలితే ఆ కేసు పని అయిపోయింది. తెగిన కేసు అంటే ముఖం దగ్గర వేడి గ్యాసు, ఈ విషయంలో పిసినారితనం వద్దు.

హార్నడీ హెడ్‌స్పేస్ కంపారేటర్ (కేసు అడుగు నుంచి షోల్డర్ దాకా కొలవనిచ్చే పరికరం) లాంటిది కాలిపర్‌కి బిగించి, పేలిన కేసులు కొలవండి. ప్రైమర్ (కేసు అడుగున ఉండి పౌడర్‌ని అంటించే చిన్న టోపీ) తీసేశాకే కొలవాలి, ఉబ్బిన ప్రైమర్ కొలతని తప్పుదారి పట్టిస్తుంది. ఒక్కసారి పేలిన కేసు చాంబర్‌ని పూర్తిగా నింపకపోవచ్చు, రెండు మూడు సార్లు పేలినవాటిలో పెద్ద కొలతని లెక్కలోకి తీసుకోవడం మేలు. ఇంకా నమ్మకమైన పద్ధతి ఒకటుంది: బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసేసి, సైజ్ చేసిన ఖాళీ కేసు పెట్టి, హ్యాండిల్ దాని బరువుకి అదే కిందికి పడుతుందో లేదో చూడడం. పడడం మొదలైన చోటు నుంచి బోల్ట్ గన్‌కి ఒకటి రెండు థౌ చాలు. సెమీ ఆటోకి మూడు నాలుగు ఇవ్వండి.

ఇక ఒకే సెట్టింగ్‌లో కొలత ఊగడం గురించి. లూబ్ ఎక్కువైతే షోల్డర్ మీద సొట్టలు, తక్కువైతే కేసు డైలో ఇరుక్కోవడం, ఈ రెండూ అందరికీ తెలుసు. తెలియనిదేంటంటే, లూబ్ ఒక కేసుకి ఒకలా ఇంకో కేసుకి ఇంకోలా ఉంటే షోల్డర్ కొలత కూడా దానితోపాటు మారుతుంది. ర్యామ్ పైకి వెళ్లాక అక్కడే మూడు నాలుగు సెకన్లు ఆపండి, ఇత్తడికి సర్దుకునే టైమ్ దొరుకుతుంది. డై షెల్ హోల్డర్‌కి గట్టిగా తగిలేలా ఉంటే ప్రెస్ సాగుడు కూడా ఒకేలా ఉంటుంది. కానీ అలా తగిలిస్తే షోల్డర్ ఎక్కువ వెనక్కి పోతుంది కదా అంటే, అందుకే రెడ్డింగ్ కాంపిటీషన్ షెల్ హోల్డర్లు ఉన్నాయి, రెండు థౌ తేడాలతో ఐదు, రెండు నుంచి పది దాకా ఎత్తు ఎక్కువ. డైని కదపకుండా హోల్డర్ మారిస్తే చాలు.

అనీలింగ్ (గట్టిపడిన ఇత్తడిని వేడి చేసి మెత్తబరచడం) విషయంలో నా మాట సూటిగా ఉంటుంది: చేస్తే ప్రతి ఫైరింగ్‌కీ చేయండి, లేదా అసలు వద్దు. నాలుగు ఫైరింగులకి ఒకసారి చేస్తే ఇత్తడి గుణం మధ్యలో ఒకసారి ఒక్కసారిగా మారిపోతుంది, డై సెట్టింగ్ కూడా మార్చుకోవాల్సి వస్తుంది. ఇండక్షన్ యంత్రమైనా మంటైనా వేడి నెక్, షోల్డర్ దాకానే ఉండాలి, కేసు అడుగు భాగం మెత్తబడితే ప్రమాదం. అనీలింగ్ చేయకపోయినా ఒక పెట్టెలో ఉన్న కేసులన్నీ ఒకే లాట్, ఒకే ఫైరింగ్ సంఖ్యలో ఉంచితే చాలావరకు అదే లాభం దొరుకుతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా.

డబ్బు ఏ వరసలో పెట్టాలి

మొదట కంపారేటర్. తర్వాత ఒకే లాట్ మంచి ఇత్తడి. మూడోది మ్యాండ్రెల్. ఈ మూడూ మీ దగ్గరున్న మామూలు డైతోనే పనిచేస్తాయి, ఇక్కడిదాకా వచ్చాక ఆగిపోయినా ఎవరూ ఏమీ అనరు. ఆరేడు వందల గజాలు దాటి కొడుతూ, వేగం కొలిచే పరికరంలో తేడా ఇంకా ఎక్కువే కనిపిస్తుంటే, పౌడర్ తూకం సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాక, అప్పుడు బుషింగ్ డై. కాన్సెంట్రిసిటీ గేజ్ చివరకి పెట్టుకోండి, అది కొలిచే తూటా రనౌట్ (బుల్లెట్ కేసు వరస నుంచి ఎంత పక్కకి ఒరిగిందన్నది) మూడు థౌ లోపు ఉన్నంతవరకు దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఏది మార్చినా ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మూడు షాట్ల గ్రూపు చూసి "ఇది పనిచేసింది" అనుకోకండి. ఏమీ మార్చకుండానే ఒక గ్రూపుకీ ఇంకోదానికీ రెట్టింపు తేడా రావడం మామూలే. రెండు సెట్టింగ్‌లకీ చెరో ఇరవై తూటాలైనా కొట్టి, వేగం ఎస్‌డీని (సగటు చుట్టూ వేగాలు ఎంత చెదిరాయన్న కొలతని) పోల్చి చూడండి. ఎస్‌డీ ఎందుకంటే, ఈఎస్ (అన్నిటికంటే ఎక్కువ, తక్కువ వేగాల మధ్య తేడా) అనేది షాట్లు పెరిగేకొద్దీ పెరుగుతూనే పోతుంది, ఐదు షాట్ల ఈఎస్‌ని ఇరవై షాట్ల ఈఎస్‌తో పోలిస్తే ఏదీ తేలదు.

బెల్టెడ్ మాగ్నమ్ (కేసు అడుగున ఉబ్బెత్తు పట్టీ, అంటే బెల్ట్ ఉండే తూటా) ఉన్నవాళ్లకి ఒక మాట. కేసు బెల్ట్ మీద కూర్చునేలా డిజైన్ చేశారు కదా అని డై సెట్టింగ్ కూడా బెల్ట్‌ని నమ్మి చేయకండి. కొత్త కేసుకి బెల్ట్, ఒకసారి పేలిన కేసుకి షోల్డర్. పైన చెప్పిన ఒకటి రెండు థౌ లెక్కే దీనికీ వర్తిస్తుంది. ఈ క్యాలిబర్లలో కేసులు త్వరగా తెగుతాయని పేరు రావడానికి పెద్ద కారణం షోల్డర్‌ని అవసరానికి మించి వెనక్కి నెట్టడమే.

ఒకే క్యాలిబర్‌లో రెండు రైఫిళ్లు ఉంటే, రెండింటి చాంబర్లూ ఒకే కొలతలో ఉండడం అరుదు. ఇత్తడిని రెండు పెట్టెలుగా విడదీసి, ఏ పెట్టె ఏ రైఫిల్‌దో పైన రాసి, ఒక్కోదానికి ఒక్కో షెల్ హోల్డర్ కేటాయించండి. అంత ఓపిక లేకపోతే పొట్టి చాంబర్‌కి డై సెట్ చేసి రెండింట్లోనూ వాడుకోవచ్చు, పొడుగు చాంబర్ ఉన్న రైఫిల్‌లో కేసులు కొంచెం ముందే పోతాయి, పేపర్ క్లిప్ మాత్రం ఇంకాస్త తరచుగా తీయాల్సి ఉంటుంది.